పాత స్పాంజ్ ఫిల్టర్ మళ్లీ పెట్టండి, రెండూ కలిపే నడపండి

అన్నా, అక్వేరియం ట్యాంకు అంచుకు కొత్త హ్యాంగాన్ ఫిల్టర్ (బయట వేలాడే కరెంటు ఫిల్టర్) తగిలించి పాత స్పాంజ్ తీసేశాక నీళ్లు తెల్లగా మసకబారాయని, గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని రాశారు కదా. కొత్త ఫిల్టర్ తప్పు కాకపోవచ్చు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం లాంటి అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఆ పాత స్పాంజ్‌లోనే ఉంటుంది.

స్పాంజ్ ఇంకా తడిగా ఉంటే కడక్కుండా ఈరోజే ట్యాంకులో పెట్టేయండి. మూడో వంతు నీళ్లు మార్చండి. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ (క్లోరిన్ పోగొట్టే మందు) తప్పనిసరి. రెండు రోజులు మేత ఆపినా గోల్డ్‌ఫిష్‌కి ఏమీ కాదు, టెన్షన్ వద్దు.

కొత్తదాంట్లో బ్యాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా స్పాంజ్ తీయొద్దనే నా మాట. మన అనంతపురం ఎండలకు నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. కరెంటు పోతే హ్యాంగాన్ ఆగిపోతుంది, స్పాంజ్‌కి మాత్రం బ్యాటరీ ఎయిర్ పంపు తగిలిస్తే చాలు. గొట్టానికి చెక్ వాల్వ్ పెట్టండి, లేకుంటే పంపు ఆగినప్పుడు నీళ్లు అందులోకి వెనక్కి రావచ్చు.

రెండు ఫిల్టర్లూ ఒకే రోజు కడగొద్దు. కడిగేటప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లే వాడండి.