టెక్ సందేహాలు: రీలు కడిగే టైము ఏ యాప్ చెబితే నమ్మాలి?

ఇంట్లో బీరువా అడుగున పడున్న పాత కెమెరా బయటికి తీసి, బ్లాక్ అండ్ వైట్ రీలు కొనుక్కుని, బాత్రూమ్‌లోనే కడుక్కునే, అంటే డెవలపర్ అనే రసాయనంలో ఉంచి బొమ్మ తెప్పించుకునే పిల్లలు ఈమధ్య బాగా పెరిగారు. నాకది సంతోషమే. కానీ వాళ్ల దగ్గర్నుంచి వచ్చే ఫిర్యాదు మాత్రం ఎప్పుడూ ఒకటే: యాప్ చెప్పిన టైముకే కడిగాం, నెగటివ్ పాడైంది. అందుకని ఈ వారం ఫోన్ హ్యాంగ్ అయ్యే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, వీటికే జవాబులు రాస్తున్నాను.

ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలు 400 స్పీడు (వెలుతురుని పట్టే శక్తి) దగ్గరే తీశాను. డీ-76 డెవలపర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి కడగాలనుకుంటున్నా. ఒక యాప్ 11 నిమిషాలంది, ఇంకోటి 13 అంది, ఏఐ చాట్‌బాట్ 9 నిమిషాల 45 సెకన్లంది. ఏది కరెక్ట్ సార్? (వరంగల్)

11. ఇల్‌ఫర్డ్ తన డేటా షీట్‌లో హెచ్‌పీ5 ప్లస్‌కి, డీ-76 1+1కి (ఒక పాలు డెవలపర్, ఒక పాలు నీళ్లు), 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇచ్చిన టైము అదే. 13 కూడా ఆ షీట్‌లోదే, కాకపోతే అది ఐడీ-11 డెవలపర్‌కి. రెండింటి ఫార్ములా దాదాపు ఒకటే కాబట్టి మీ రెండో యాప్ వాటిని కలిపేసి ఉంటుంది. 9:45 అసలు మీ రీలుదే కాదు. కొడాక్ ట్రై-ఎక్స్ 400కి డీ-76 1+1లో ఇచ్చే తొమ్మిదిముప్పావు నిమిషాలు అది. చాట్‌బాట్ ఒక రీలు టైము తీసి ఇంకో రీలుకి అంటగట్టింది, అదీ ఏమాత్రం తడబడకుండా. దయచేసి కడిగే టైము చాట్‌బాట్‌ని అడక్కండి. దానికి తెలియనప్పుడు కూడా ఏదో ఒక అంకె చెప్పేస్తుంది. రీలు రెండోసారి కడగడానికి వీల్లేదు. ఏ రీలు కొన్నా ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో డేటా షీట్ పీడీఎఫ్ ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని దించుకుని ఫోన్‌లో పెట్టుకోండి.

అయితే 11 అని రాసుకుని ట్యాంకు (రీలు కడిగే, వెలుతురు చొరని డబ్బా) దగ్గరికి వెళ్లినా సరిపోదు. రీలు పేరు, తీసిన స్పీడు, డెవలపర్, నీళ్ల పాళ్లు, ఉష్ణోగ్రత, ట్యాంకు తిప్పే తీరు, ఈ ఆరూ పక్కన లేకపోతే ఆ అంకెకి అర్థమే లేదు. చాలా యాప్‌లు టైముని తెరంతా నింపేంత పెద్దగా చూపించి, ‘20 డిగ్రీలు’ అన్న మాటని మూలన చీమ తలకాయంత అక్షరాల్లో పెడతాయి. చల్లటి దేశాల్లో కుళాయి నీళ్లకి పర్వాలేదేమోగానీ, విజయవాడలో మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే కాలతాయి. ఆ నీళ్లతో డెవలపర్ కలిపి 11 నిమిషాలు ఉంచితే తెల్లటి భాగాలన్నీ నల్లగా మూసుకుపోయిన నెగటివ్ వస్తుంది.

20 దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు పదో వంతు టైము తగ్గుతుందని గుర్తుపెట్టుకోండి. 20 దగ్గర 11 నిమిషాలైతే 24 దగ్గర ఏడున్నర దరిదాపుల్లో ఉంటుంది. లెక్క ఎంతకు తేలినా ఐదు నిమిషాల కిందికి మాత్రం పోకూడదు. డెవలపర్ అంతటా సమానంగా పనిచేసేలోపే పారబోయాల్సి వస్తుంది, బొమ్మలోని ఆకాశం మీద మచ్చలు, చారలు పడతాయి. నీళ్లు కలపని డీ-76లో హెచ్‌పీ5కి 20 దగ్గరే ఏడున్నర, మన ఎండలకి అది ఐదు కిందికి దిగిపోతుంది. వేసవిలో 1+1 మేలనడానికి కారణం ఇదే. ఐసు ముక్కలు డెవలపర్‌లో వేయకండి, పాళ్లు చెడిపోతాయి. సీసాని ఐసు నీళ్ల టబ్బులో నిలబెట్టండి. ఫిక్సర్‌నీ (వచ్చిన బొమ్మని నిలబెట్టే రసాయనం), కడిగే నీళ్లనీ కూడా అదే చల్లదనానికి తెచ్చుకోండి. వేడి నీళ్లలో రీలు మీది జెలటిన్ పూత ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలినా గీత పడుతుంది.

టైమర్ యాప్ ఆన్ చేసి ఫోన్ పక్కన పెట్టాను. బెల్ మోగలేదు. చూసుకునేసరికి నాలుగు నిమిషాలు ఎక్కువైంది. (కాకినాడ)

తప్పు మీది కాదు. తెర ఆరిపోగానే బ్యాటరీ పొదుపు పేరుతో వెనకాల నడుస్తున్న యాప్‌ని ఫోనే నిద్రపుచ్చుతుంది. పైగా ఆండ్రాయిడ్ 14 నుంచి కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకి కచ్చితమైన సమయానికి అలారం మోగించే అనుమతి ముందుగా ఉండదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఇవ్వాలి. ఆ సంగతి యాప్ మొదట్లోనే అడిగి తీరాలి. రంగులు మార్చుకునే థీమ్‌లు పది పెట్టినవాళ్లకి ఈ ఒక్క ప్రశ్న అడిగే తీరిక లేకపోవడం నాకు మింగుడుపడదు. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టి, తెర ఆరకుండా చూసుకోండి. రీలు ట్యాంకులో ఉంది కాబట్టి ఫోన్ వెలుగుతో ఇబ్బంది లేదు. ఇంకా మంచి మార్గం, వంటింట్లో వాడే చిన్న టైమర్ కొనుక్కోండి. దానికి అప్‌డేట్లు రావు.

డబ్బులు కట్టాల్సిన డెవలపింగ్ యాప్‌ని ఒక టెలిగ్రామ్ గ్రూపులో ఫ్రీగా ఏపీకే (ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైలు) ఇచ్చారు. వేసుకుంటే ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ పర్మిషన్లు అడుగుతోంది. ఇవ్వొచ్చా? (హైదరాబాద్)

ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే మిగతా ప్రశ్నలు తర్వాత చదువుకుందురుగాని, ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

ఒక్కసారి ఆలోచించండి. నిమిషాలు లెక్కపెట్టే యాప్‌కి అలారం, నోటిఫికేషన్ చాలు. మీ మెసేజ్‌లతో దానికేం పని? ఎస్సెమ్మెస్ చదివే అనుమతి ఇస్తే మీ బ్యాంకు పంపే ఓటీపీ అది కూడా చదువుతుంది. యాక్సెసిబిలిటీ ఇంకా ప్రమాదం. చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సదుపాయం అది. తెర మీద ఏముందో చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఈ రెండూ చేతిలో ఉన్న దొంగ యాప్‌కి మీతో పనేలేదు, మీరు నిద్రపోతున్నప్పుడు కూడా మీ ఖాతాలో చెయ్యి పెట్టగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి బయట తెచ్చుకున్న ఏపీకేలకి ఈ అనుమతి ఇవ్వబోతే ఫోనే అడ్డుపడుతుంది. అందుకే ఆ గ్రూపులో ‘అలౌ రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ నొక్కండి’ అని స్క్రీన్‌షాట్లతో సహా నేర్పిస్తారు. ఫోన్ వేసిన గడియని మీ చేతే తీయించడానికే ఆ పాఠం.

అనుమతి ఇచ్చేసినవాళ్లు వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. యాప్‌కి డివైస్ అడ్మిన్ హక్కు ఉంటే తీసేసి, అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఫొటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచే మార్చుకోండి. డేటా షీట్‌లో ఊరికే దొరికే అంకెల కోసం ఇంత టెన్షన్ ఎవరికీ రాకూడదనే ఇంత పొడుగ్గా రాశాను.

చేంజింగ్ బ్యాగ్‌లోనే (చేతులు దూర్చి పనిచేసే, వెలుతురు చొరని సంచి) రీలు ఎక్కించాను. అయినా అంచుల్లో నల్లటి పొగలా వచ్చింది. (తిరుపతి)

చేతికి స్మార్ట్ బ్యాండ్ ఉందా? రీలుని స్పైరల్‌కి (ట్యాంకులో రీలు చుట్టుకునే చక్రం) ఎక్కించేటప్పుడు మణికట్టు ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. ఆ కదలికకే బ్యాండ్ తెర వెలుగుతుంది. తెర ఆపేసినా, కింద గుండె వేగం చూసే ఆకుపచ్చ లైటు మినుకుమంటూనే ఉంటుంది. ఈ రీళ్లు అన్ని రంగుల వెలుతురునీ పట్టేస్తాయి, ఎర్ర బల్బు కూడా పనికిరాదు. బ్యాండ్ తీసి వేరే గదిలో పెట్టి రండి.

నెగటివ్‌లు పల్చగా వస్తున్నాయి. టైము పెంచాలా? (ఖమ్మం)

ముందు రీలు అంచు చూడండి. అక్కడ రీలు పేరు, ఫ్రేమ్ నంబర్లు ఉంటాయి. వాటిని ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ముద్రిస్తారు, మీ కెమెరాకి సంబంధం లేదు. ఆ అక్షరాలు చిక్కగా నల్లగా ఉండి బొమ్మ మాత్రం పల్చగా ఉంటే కడగడం బాగానే ఉంది, తీసేటప్పుడు వెలుతురు చాలలేదు. అక్షరాలు కూడా వెలిసిపోయినట్టుంటే కడగడంలోనే లోపం: టైము చాలకపోవడమో, చల్లదనం ఎక్కువవడమో, డెవలపర్ చచ్చిపోవడమో. ఈ అంచు చూడకుండా టైము పెంచుకుంటూ పోయేవాళ్లని చూస్తే బాధేస్తుంది. నీడలో నమోదే కాని బొమ్మని ఎంతసేపు కడిగినా రప్పించలేం.

టైము మార్చాల్సి వస్తే పదో వంతు చొప్పున మార్చండి. మార్చిన ప్రతిసారీ ఆ ఆరు వివరాలూ నోటు పుస్తకంలో రాయండి. యాప్‌లో రాసుకున్న నోట్సంతా అప్‌డేట్ తర్వాత లాగిన్ వెనక్కి పోయిందని నాకు ఉత్తరాలు వచ్చాయి. అలాంటి అప్‌డేట్ వదిలినవాళ్లు జనం కష్టాన్ని చెత్తబుట్టలో పడేసినట్టే.

తాతగారి ఫొటో స్టూడియో సామాన్లలో కడగని ‘ఇందు’ రీలు దొరికింది. ఏ యాప్‌లోనూ టైము లేదు. (అనంతపురం)

ఊటీలో 1967 నుంచి తయారీ సాగించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి రీలు అది. ఇన్నేళ్ల రీలుకి ఎవరి పట్టికా పనికిరాదు. తొందరపడి మొత్తం కడగకండి. పూర్తి చీకట్లో మొదటి రెండు మూడు ఫ్రేముల మేర కత్తిరించి, మిగతాది మళ్లీ డబ్బాలో మూసేయండి. తాజాగా కలిపిన డెవలపర్‌లో, 20 డిగ్రీల దగ్గర ఆ ముక్కని మాత్రం కడిగి ఆరబెట్టండి. బొమ్మకీ, చుట్టూ పరుచుకున్న పొగకీ తేడా కనిపించేదాకా ఇంకో ముక్క, ఇంకో టైము. మధ్య ఫ్రేములని ఆఖరుకి ఉంచుకోండి.