పాత మోనో ప్లేట్లకి మోనో కార్ట్రిడ్జ్ కొనాలా? కొనేముందు ఒక బటన్ నొక్కి చూడండి

నాన్నగారి పెట్టెలో ఘంటసాల, సుశీల పాటల ఈపీలు (చిన్న ప్లేట్లు) బయటపడ్డాయి, అవి మోనోవి, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చేవి, వాటికోసం మోనో కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే, దాని కదలికని సిగ్నల్‌గా మార్చే చిన్న భాగం) కొనాలా, ఇప్పుడున్న స్టీరియోది సరిపోతుందా అని అడిగారు. నా సలహా, ఇప్పుడే కొనకండి. ముందు మీ ఆంప్లిఫయర్‌కి మోనో బటన్ ఉందేమో చూడండి.

మా ఇంట్లోనూ ఇదే కథ. అటక మీంచి దించిన పెట్టెలో దాదాపు 120 ప్లేట్లు, ఎక్కువభాగం 45 స్పీడు ఈపీలు, కొన్ని ఎల్పీలు (పెద్ద ప్లేట్లు), అడుగున ఓ పది 78లు, అంటే 78 స్పీడు పాత లక్క ప్లేట్లు. మామూలు స్టీరియో కార్ట్రిడ్జ్‌తో పెట్టి హెడ్‌ఫోన్స్‌లో వింటే గొంతు సరిగ్గా నడుమ నిలబడింది గానీ చిటపటలు మాత్రం ఓసారి ఎడమ చెవిలో, ఓసారి కుడి చెవిలో పేలుతూనే ఉన్నాయి, పది నిమిషాలకే తల బరువెక్కింది. ప్లేట్లు పాడైపోయాయనుకుని చాలా బాధపడ్డాను. మోనో బటన్ నొక్కగానే సగం గోల తగ్గిపోయింది! అమ్మ వంటగదిలోంచి వచ్చి పాట అయ్యేదాకా అక్కడే నిలబడింది.

ఎందుకు తగ్గుతుందంటే, మోనో ప్లేటులో గాడి పక్కలకే వంకర్లు తిరుగుతుంది, పాటంతా ముల్లు అటూ ఇటూ ఊగడంలోనే ఉంటుంది. 1958లో మార్కెట్లోకి వచ్చిన స్టీరియో ప్లేట్లలో గాడి రెండు గోడల మీదా చెరో చానల్ చెక్కుతారు కాబట్టి ముల్లు పైకీ కిందికీ కూడా కదలాలి, స్టీరియో కార్ట్రిడ్జ్ ఆ కదలికని కూడా పట్టుకుంటుంది. మోనో ప్లేటులో పైకీ కిందికీ పాట అనేదే లేదు, అటువైపు నుంచి వచ్చేదంతా దుమ్ము, గీతలు, అరుగుదల. మోనో బటన్ రెండు చానళ్ళనీ కలిపేస్తుంది, అప్పుడు ఆ పైకిందుల చప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోతుంది, పాట మిగులుతుంది.

బటన్ లేకపోతే రెండు వై కేబుళ్ళు తీసుకుని టర్న్‌టేబుల్ వైర్లని ఒకటిగా కలిపి మళ్ళీ రెండుగా చీల్చండి, మూవింగ్ మాగ్నెట్ (లోపల చిన్న అయస్కాంతం కదిలే రకం) కార్ట్రిడ్జ్‌లకి ఇది బాగానే పనిచేస్తుంది. అయితే ఈ కలపడం ఫోనో స్టేజ్‌కి (కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే భాగానికి) ముందే జరగాలి, దాని అవుట్‌పుట్‌లని ఒకదానికొకటి కలిపేయకండి. కంప్యూటర్లోకి ఎక్కించుకునేవాళ్ళైతే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మోనోకి మార్చుకోవచ్చు, పైసా ఖర్చుండదు.

మరి మోనో కార్ట్రిడ్జ్ దండగా అంటే, కాదు. ఓ ఏడాది తర్వాత నేనూ కొన్నాను. బటన్‌తో పోలిస్తే తేడా కొంచెమే, కానీ ఉంది, గొంతు ఇంకాస్త గట్టిగా, దగ్గరగా వినిపిస్తుంది. కొనేటప్పుడు ఒకటి అడగండి: మోనో అని అమ్మేవాటిలో కొన్ని లోపల స్టీరియోవే, వైర్లు కలిపి ఇస్తారు. డెనాన్ డీఎల్-102 లాంటివి మాత్రం పక్క కదలికనే పట్టేలా తయారుచేసినవి. మీ ప్లేట్లలో సగానికి పైగా మోనో ఉండి, టోన్‌ఆర్మ్‌కి (ముల్లుని మోసే చెయ్యికి) హెడ్‌షెల్, అంటే కార్ట్రిడ్జ్ బిగించే కొస భాగం, ఊడదీసి మార్చుకునే వీలుంటేనే కొనండి. వీలు లేకపోతే ప్రతిసారీ స్క్రూలు విప్పడం, మళ్ళీ ముల్లు ఆనే బరువు సరిచూడడం, రెండు వారాల్లో విసుగొచ్చి వదిలేస్తారు.

నా అనుభవంలో మోనోనా స్టీరియోనా అన్నదానికన్నా ముల్లు మొనే ముఖ్యం. తొలినాటి మోనో ఎల్పీలకి 25 మైక్రాన్ల మొన, స్టీరియో కాలం వాటికి 18 మైక్రాన్ల దగ్గర. అప్పట్లో ఇళ్ళలో ఉన్న బరువైన ప్లేయర్లు, అరిగిన సూదులు గాడిని ఒక ఎత్తులో తినేసి ఉంటాయి. వేరే సైజు మొన ఆ అరుగుదలకి పైనో కిందో ఆనితే అదే ప్లేటు శుభ్రంగా పాడుతుంది. నా దగ్గర ఓ ఈపీ సన్న మొనతో జీరపోతుంది, లావు మొనతో హాయిగా ఉంది, ఇంకోదానికి సరిగ్గా తిరగబడింది. పెట్టి వినడం తప్ప వేరే దారి లేదు.

78లకి మాత్రం వేరే ముల్లు ఉండాల్సిందే, 65 నుంచి 75 మైక్రాన్లది. ఎల్పీ ముల్లు వాటి గాడి అడుగున పడి దొర్లుతుంది, నేను తెలియక అలా పెట్టి ఒక ముల్లు పాడుచేసుకున్నాను. వాటిని స్పిరిట్‌తో తుడవద్దు, లక్క కరిగిపోతుంది.

ఇక ఏది మోనో, ఏది స్టీరియో అన్నది లేబుల్ చూస్తే తెలుస్తుంది. మన హెచ్ఎంవీ ఎల్పీల మీద నంబరు ముందు ఈసీఎల్పీ అని ఉంటే మోనో, ఈసీఎస్‌డీ అని ఉంటే స్టీరియో. పాత బజార్లో ఎప్పటిదో మోనో కార్ట్రిడ్జ్ చవగ్గా దొరికితే దాంతో స్టీరియో ప్లేటు అస్సలు పెట్టకండి, వాటిలో చాలావాటికి ముల్లు పైకీ కిందికీ కదలదు, గాడిని చెక్కేస్తుంది. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో మోనో ప్లేటు వింటే ఆ భయం లేదు.

మీ ప్లేయర్ మోడల్ ఏదో, 78లు ఎన్ని ఉన్నాయో రాయండి, ఏ ముల్లు సరిపోతుందో చూసి చెప్తాను.