కోతుల కాన్పుల గురించి నీకు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

జూలో కోతుల సంతానం చూసే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. నా తర్వాత మన ఇంట్లో ఈ పని ఎత్తుకునే మనిషి ఉందని పొంగిపోయాను. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది.

జత కలిపే ముందు వంశావళి రిజిస్టరు చూడు. రీసస్ కోతి సుమారు 165 రోజులు మోసి ఒక్క పిల్లను కంటుంది. ఆరుబయట ఆవరణలో ఏటా ఒకే కాలంలో జతకడుతుంది. గదుల్లో పెంచితే ఆ కట్టుబాటు సడలుతుంది. దక్షిణ అమెరికా చిట్టి కోతులైన మార్మోసెట్ల దారి వేరు. చాలావరకు కవలలే, కాన్పయిన రెండు మూడు వారాలకే మళ్లీ చూలు కట్టగలవు. పెద్ద ఆడది ఉన్నంతకాలం కూతుళ్లలో చాలావాటికి అండమే విడుదల కాదు. లోపమేదో ఉందని వాటికి సూదులు వేయించకు.

నా భయమంతా వేరే. పిల్లను తల్లి నుంచి లాగేసి సీసాపాలు పట్టే పాడు అలవాటు. పాలివ్వడం ఆగితే తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుందని లెక్కలు వేసేవారు ఎప్పుడూ ఉంటారు. 1950ల చివర, 60లలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లిలేకుండా రీసస్ పిల్లలను పెంచాడు. అవి బాగానే బలిశాయి, కానీ ఎదిగాక జతకట్టడం రాలేదు. ఎలాగో తల్లులైనవాటిలో చాలావరకు పిల్లలను పట్టించుకోలేదు, కొన్ని కొరికాయి కూడా. నేను పనిచేసిన చోట సీసాపాలతో పెరిగిన ఆడది ఒకటి ఉండేది. మగది దగ్గరికి వస్తే మూలకు చేరి, తన చేతినే కొరుక్కుంటూ ఊగేది. దాన్ని చూసి కూడా మా పైవాళ్లు మరుసటి కాన్పుకు సీసాలు సిద్ధం చేయమన్నారు!

తొలిచూలు తల్లి ఒక్కోసారి పిల్లను తలకిందులుగా పట్టుకుంటుంది. కంగారుపడి తలుపు తీయకు. పిల్ల వేళ్లు చూడు. తల్లి బొచ్చును గట్టిగా పట్టుకుని చనుమొన కోసం వెతుకుతుంటే నీకు అక్కడ పనిలేదు. పట్టు జారి నేలమీద పడి ఉంటేనే పశువైద్యుణ్ని పిలువు. బతికించాక వీలైనంత త్వరగా గుంపులోకి పంపు.

ఇంకొకటి. రీసస్ కరిచినా గీరినా ‘చిన్నదే కదా’ అనుకోకు. వాటిలో ఉండే బి వైరస్ మనుషుల ప్రాణం తీయగలదు. వెంటనే పదిహేను నిమిషాలు కడిగి, అదే గంటలో డాక్టరు దగ్గరికి వెళ్లు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే మూడు రోజులు దాచిన పిల్లవు నువ్వు. ఈసారి దాచావని తెలిస్తే నేనే బస్సెక్కి వస్తాను.

మీ పెదనాన్న