బాక్టీరియా గుంపు కట్టాకే దాడి చేస్తాయా?

సరిపడినన్ని పోగయ్యాకే బాక్టీరియా విషం వదులుతాయంటారు, నిజమేనా, ఆ లెక్క చెడగొడితే రోగం ఆగుతుందా అని అడిగారు. సగం నిజం. మిగతా సగం ఎమ్మెస్సీ ప్రాజెక్టులో బాక్టీరియా పెంచే ఒక ప్లేటు పారేసుకుని నేర్చుకున్నాను.

నేను పనిచేసింది సూడోమోనాస్ ఎరుజినోసా అనే బాక్టీరియా మీద. మానని పుండు కట్టు మీద పచ్చటి మరక కనిపిస్తే ముందు అనుమానించేది దీన్నే. ఉదయం ఫ్లాస్కులో వేస్తే సాయంత్రానికి ద్రవం మసకబారేది, అంటే కణాలు బాగానే పెరిగాయి. కానీ రంగు ఉండేది కాదు. మర్నాడు మూత తీస్తే నీలి ఆకుపచ్చ ద్రవం, గుప్పున ద్రాక్షపండ్ల వాసన. 5 మి.లీ. కల్చర్‌లో 3 మి.లీ. క్లోరోఫాం పోసి కుదిపితే ఆ నీలం అడుగుకు దిగుతుంది. దాన్ని వేరుచేసి కాస్త పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే గులాబి రంగుకు తిరుగుతుంది. అది పయోసయనిన్, మన కణాలను దెబ్బతీసే పదార్థం.

ఆ ఆలస్యమే మీ ప్రశ్నకు మొదటి జవాబు. ప్రతి కణమూ హోమోసెరీన్ లాక్టోన్ జాతి సంకేత అణువులను కొద్దికొద్దిగా బయటికి వదులుతుంది. కణాలు తక్కువైతే అవి చెదిరిపోతాయి. ఎక్కువైతే చిక్కబడి, తిరిగి కణంలోకి వచ్చి లాస్‌ఆర్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. అప్పుడు కణజాలాన్ని కరిగించే ఎలాస్టేజ్ జన్యువు మేల్కొంటుంది, ఆర్‌హెచ్‌ఎల్ అనే రెండో వ్యవస్థా కదులుతుంది, పయోసయనిన్ ఆ తరువాతి వరుసలో వస్తుంది. కోరం లేక సభ వాయిదా పడిందని పేపర్లో చదువుతామే, 1994లో ఫుక్వా, వినాన్స్, గ్రీన్‌బర్గ్ ఆ మాటనే తెచ్చి దీనికి కోరం సెన్సింగ్ అని పేరు పెట్టారు. పేరు బాగుంది కానీ ఇక్కడ హాజరు పట్టీ ఏమీ లేదు. అణువులు బయటికి పోలేని ఇరుకు సందైతే కొద్దిపాటి కణాలకే మీట పడవచ్చు.

ఇక ఆ ప్లేటు. ఫ్రీజర్‌లో దాచిన అసలు నమూనా, అంటే గ్లిసరాల్ స్టాక్ నుంచి తీయాల్సింది పోయి, బద్ధకంతో నెలల తరబడి ప్లేటు మీద నుంచి ప్లేటు మీదికే గీస్తూ పోయాను. ఒకరోజు పచ్చదనం లేని కాలనీలు కనిపించాయి. చదునుగా, పైన సబ్బు నీటి పొరలాంటి లోహపు మెరుపుతో ఉన్నాయి. కలుషితమైందనుకుని, ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లోకి పంపేశాను. లాస్‌ఆర్ చెడిన రకాలకు సరిగ్గా ఆ మెరుపే ఉంటుందని తరువాత చదివి తల పట్టుకున్నాను. నాది అదేనని ఇప్పుడు నిరూపించలేను.

లాస్‌ఆర్ ఎందుకు చెడుతుందంటే, ఎలాస్టేజ్ కణం బయట పనిచేస్తుంది, అది కరిగించిన తిండి దాన్ని తయారుచేయని కణాలకూ దొరుకుతుంది. చవితి పందిరికి చందా ఇవ్వకుండా పులిహోరకు ముందు వరుసలో నిలబడేవాళ్లుంటారు కదా, అలాగే. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే, చిక్కటి కఫం పేరుకునే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి తిష్ఠవేసిన సూడోమోనాస్‌లో ఇలా లాస్‌ఆర్ పోగొట్టుకున్నవి తరచుగా దొరుకుతాయి. రోగం మాత్రం పోదు. అన్నీ మూగబోతాయనీ కాదు, కొన్నింటిలో ఆర్‌హెచ్‌ఎల్ సొంతంగా నడుస్తూనే ఉంటుంది.

కలరాలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. విబ్రియో కలరే తక్కువగా ఉన్నప్పుడే పేగుకు అతుక్కుని విషం తయారుచేస్తుంది. గుంపు పెరిగాక హాప్‌ఆర్ అనే ప్రోటీన్ ఆ జన్యువులను అణచివేసి, పట్టు వదిలించే ఎంజైమును తయారుచేయిస్తుంది. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనాలతో కోట్ల కణాలు బయటపడి మరొకరిని వెతుక్కుంటాయి. ఇక్కడ సంకేతాన్ని అడ్డుకుంటే విషం ఆగకపోగా కొనసాగవచ్చు కూడా. అందుకే ‘మాట ఆపితే రోగం ఆగుతుంది’ అనే వీడియోలంటే నాకు చిరాకు.

సంకేతాలను అడ్డుకోవడమే పనిగా ఉన్న మందు వార్డుల్లోకి ఇంకా రాలేదు. దగ్గరగా వచ్చేది అజిత్రోమైసిన్. మామూలు మోతాదులో సూడోమోనాస్‌ను చంపలేకపోయినా దాని కోరం సెన్సింగ్‌ను తగ్గిస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో దీన్ని దీర్ఘకాలం వాడతారు, అయితే వాపును తగ్గించే గుణం కూడా దానికి ఉంది కాబట్టి మేలంతా ఆ ఒక్క ఖాతాలో వేయలేం.

మీదీ ప్రాజెక్టు అయితే, రంగు లేని కాలనీకి ముందు ఆక్సిడేజ్ పరీక్ష చేయండి. సూడోమోనాస్ అయితే పది సెకన్లలో కాగితం మీద ముదురు ఊదా రంగు వస్తుంది. ఆ కాగితాల డబ్బా ఆ రోజు నా బల్ల మీదే ఉంది.