సెంబవాంగ్‌లో ముందు చూడవలసినది బంగళాలు కాదు, డాకు

సింగపూర్‌లోని సెంబవాంగ్‌లో బ్రిటిష్ వారి పాత నౌకాస్థావరం ఆనవాళ్లు చూడాలంటే, అధికారుల నలుపు-తెలుపు బంగళాలు చూసి వస్తే సరిపోతుందా అని మీరు అడిగారు. సరిపోదు. ఆ స్థావరమే తర్వాత ఓడల మరమ్మతు యార్డుగా మారింది. అందులో ఫిట్టర్‌గా పనిచేసినవాడిగా చెబుతున్నాను, అక్కడి అసలైన వారసత్వం నేల మట్టానికి దిగువన ఉన్న ఆరవ కింగ్ జార్జ్ డ్రై డాకు, అంటే ఓడను లోపలికి తెచ్చి, గేటు మూసి, నీరు తోడేసి మరమ్మతు చేసే పెద్ద గొయ్యి.

సుమారు 1000 అడుగుల పొడవున్న ఈ డాకును 1938 ఫిబ్రవరి 14న గవర్నర్ షెంటన్ థామస్ ప్రారంభించారు. నాలుగేళ్ల మీద ఒక్క రోజు గడిచేసరికి, అంటే 1942 ఫిబ్రవరి 15న, సింగపూర్ జపాన్ వశమైంది. ఎలాంటి యుద్ధనౌకల కోసం ఈ స్థావరం కట్టారో అలాంటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ 1941 డిసెంబరు 2న ఇక్కడికి చేరి, అదే నెల 10న మలయా తూర్పు తీరంలో జపాన్ విమానాల దాడికి మునిగిపోయాయి. తూర్పు జిబ్రాల్టర్ అని, అంటే జిబ్రాల్టర్‌లోని బ్రిటిష్ కోటలా అభేద్యమని గొప్పగా చెప్పుకొన్న స్థావరం వాటికి పట్టుమని పది రోజులు కూడా అక్కరకు రాలేదు. యుద్ధంలో అంతగా ఆదుకోని ఆ డాకే, 1968 డిసెంబరులో నామమాత్రంగా ఒక్క డాలరుకు సింగపూర్ ప్రభుత్వం చేతికి వచ్చిన తర్వాత, వేలాది కుటుంబాలకు దశాబ్దాల తరబడి అన్నం పెట్టింది. మా ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన వెల్డర్ల, ఫిట్టర్ల కుటుంబాలు కూడా అందులో ఉన్నాయి.

ఒకనాడు చమురు ఓడ ఒకటి డాకులోకి వచ్చింది. దానిని తాళ్లతో సర్ది, నీటి అడుగున పేర్చిన కీల్ బ్లాకుల (ఓడ అడుగును మోసే దిమ్మెల) వరుసకు సరిగ్గా పైన నిలిపాక, గేటు మూసి పంపులు వేశారు. నీరు దిగేకొద్దీ గోడల మెట్లు పాచితో నల్లగా ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఓడ బ్లాకుల మీద కూర్చునే వేళ డాక్ మాస్టర్ వాకీటాకీ తప్ప మరో గొంతు వినిపించలేదు. నీరంతా పోయాక అడుగున మిగిలిన మడుగుల్లో చేపలు కొట్టుకుంటుంటే, ఓడ పొట్టకు పట్టిన గుల్లల కంపును లెక్కచేయకుండా కుర్రవాళ్లు వాటిని హెల్మెట్లలోకి ఏరుకున్నారు. ఆ రాత్రి డార్మిటరీలో శ్రీకాకుళం వాళ్లు చింతపండు బాగా దట్టించి పులుసు పెట్టారు. మా ఫోర్‌మన్ ఒక మలయాళీ పెద్దాయన. ఆయన తండ్రి బ్రిటిష్ వారి హయాంలో ఇదే డాకులో పనిచేశారట. బ్లాకు మీది చెక్కను సుత్తితో కొట్టి, ఆ మోతను బట్టి లోపల పగులు ఉన్నదీ లేనిదీ చెప్పే విద్యను ఆయన తండ్రి దగ్గరే నేర్చుకున్నారు. ఇది ఏ ఫలకం మీదా కనిపించదు.

వారసత్వ నడక అని ఒకసారి వెళ్తే, గైడు బంగళాల వరండాలనూ, ఎండకు దించే నలుపు-తెలుపు తడకలనూ, దొరల విందులనూ గంటసేపు వర్ణించాడు గాని, కూలీల క్వార్టర్ల ఊసే ఎత్తలేదు. పెళ్లి ఫొటోల కోసం వచ్చేవారికి ఆ మాత్రం చాలునేమో. వీధుల పేర్లు చూసినా మాల్టా, జిబ్రాల్టర్, బెర్ముడా అంటూ ఆ నౌకాదళపు ఇతర రేవులే కనిపిస్తాయి. పనిచేసినవారి ఊళ్లు కావు.

ఈ యార్డు ప్రాంతాన్ని సముద్రతీర విహారస్థలంగా మార్చే ఆలోచన 2019 నాటి ముసాయిదా ప్రణాళికలోనే ఉంది. డాకును ఉంచుతారు సరే, చుట్టూ కాఫీ దుకాణాలు పెట్టి దానిని ఒట్టి గొయ్యిగా మిగిల్చితే మాత్రం ప్రయోజనం ఉండదు. ఏడాదికి ఒకసారైనా నీరు నింపి, గేటు మూసి, పంపులు వేసి చూపించాలి. అది చేయగల పాత పనివారు ఇంకా ఉన్నారు.

మీరు వెళ్లేటప్పుడు మొదట సెంబవాంగ్ పార్కు జెట్టీ మీద నిలబడి యార్డు వైపు చూడండి. ఆ తర్వాత యీషున్‌లోని శ్రీ బాలసుబ్రమణియర్ గుడికి వెళ్లండి. స్థావరంలో పనిచేసిన ఒక కార్మికుడు 1960లలో చెట్టు కింద మొదలుపెట్టిన పూజే ఆ గుడికి మూలం. సమయం మిగిలితే బంగళాలు చూడవచ్చు.