కుక్కర్ విజిల్ వేస్తే తల తిరుగుతోంది.. చెవి పరీక్షకు మెడతో పనేంటి?

ప్రశ్న: నా వయసు 46. ఏడాదిగా కుక్కర్ విజిల్ వేసినా, మిక్సీ తిరిగినా ఎదుట ఉన్న వస్తువులు కదిలినట్టయి తల తిరుగుతోంది. గట్టిగా తుమ్మినా అంతే. నా గొంతు నాకే కుడి చెవిలో మోగినట్టు వినిపిస్తోంది. మెడ ఎముకలు అరిగాయంటే కాలర్ పెట్టుకున్నాను, మాత్రలు వాడాను. తగ్గలేదు. ఇప్పుడు ఈఎన్‌టీ డాక్టర్ ‘వెంప్’ అనే టెస్ట్ రాశారు. మెడ మీద, కంటి కింద స్టిక్కర్లు అంటించి చేస్తారట. కరెంట్ ఇస్తారా? అసలు చెవికి మెడతో ఏం సంబంధం? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు మీ భయం తీరాలి. వెంప్ అంటే చెవికి శబ్దం వినిపించి, కండరాలు స్పందించే తీరును బట్టి లోపలి చెవిలోని బ్యాలెన్స్ భాగాల పనితీరు చూసే టెస్ట్. ఇందులో కరెంట్ ఇవ్వరు, సూది గుచ్చరు. ఈసీజీకి అంటించినట్టే స్టిక్కర్లు అంటిస్తారు. అవి మీ కండరంలో పుట్టే చిన్న విద్యుత్ సంకేతాన్ని అందుకుంటాయి, అంతే. మీకు ఇచ్చేది శబ్దం మాత్రమే.

ఇక మెడ సంగతి. లోపలి చెవిలో వినికిడి భాగం పక్కనే మన బ్యాలెన్స్ చూసే భాగాలున్నాయి. మనం తలను తిప్పే కదలికను మూడు అర్ధవృత్తాకార గొట్టాలు పసిగడతాయి. శాక్యూల్, యుట్రికిల్ అనే రెండు చిన్న సంచులు తల వంగడాన్ని, ముందుకూ వెనక్కూ పైకీ కిందకీ జరిగే కదలికను పసిగడతాయి. గట్టి శబ్దానికి ఈ సంచులూ స్పందిస్తాయి. ఆ సంకేతం మెదడు కాండం మీదుగా మెడకు, కళ్లకు చేరుతుంది. చెవి వెనక నుంచి కాలర్ ఎముక దాకా దిగే కండరం, శబ్దం ఇచ్చిన వైపుది, ఒక్క క్షణం పట్టు సడలిస్తుంది. మీకు అది తెలియను కూడా తెలియదు, మెషీన్‌కు తెలుస్తుంది. సుమారు 13, 23 మిల్లీసెకన్ల దగ్గర రెండు అలలు గ్రాఫ్‌లో కనిపిస్తాయి. కంటి కింద పెట్టే స్టిక్కర్ యుట్రికిల్ స్పందనను అందుకుంటుంది. అది శబ్దం ఇచ్చిన చెవి వైపు కాకుండా రెండో వైపు కంటి కింద, 10 మిల్లీసెకన్ల దగ్గర వస్తుంది. అంటే ఇక్కడ పరీక్షిస్తున్నది మీ మెడను కాదు, చెవినే. సిడ్నీకి చెందిన కోల్‌బ్యాచ్, హల్మాగి 1992లో మెడ కండరంలో ఈ స్పందనను వివరంగా నమోదు చేశాక ఇది వాడుకలోకి వచ్చింది.

మీ లక్షణాలు చదవగానే నాకు తోచిన అనుమానం ఒకటుంది. శబ్దానికి, తుమ్ముకు తల తిరగడం, సొంత గొంతు చెవిలో మోగడం కలిసి వస్తే పై అర్ధవృత్తాకార గొట్టం మీద ఉండాల్సిన ఎముక పలచబడి చిల్లు పడిందేమో చూడాలి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో డాక్టర్ లాయిడ్ మైనర్ బృందం 1998లో ఈ జబ్బును వివరించింది. ఎముకలో అలా అదనంగా దారి ఏర్పడితే శబ్దం, ఒత్తిడి బ్యాలెన్స్ భాగాలను నేరుగా కదిలిస్తాయి. మామూలు చెవిలో చాలా గట్టి శబ్దానికే వచ్చే వెంప్ స్పందన, ఇందులో బాగా తక్కువ శబ్దానికే వచ్చేస్తుంది. కంటి కింది అల కూడా మామూలుకంటే పెద్దగా ఉంటుంది. అందుకే మీ డాక్టర్ ఈ టెస్ట్ రాయడం సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ జబ్బులో ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫ్) చూస్తే మధ్య చెవి ఎముక బిగుసుకుపోయినట్టు కనిపించవచ్చు. దాన్నే నమ్మి ఆపరేషన్ చేస్తే ఫలితం ఉండదు. ఎముక బిగుసుకున్న చెవిలో, గాలి ద్వారా శబ్దం ఇచ్చినప్పుడు వెంప్ సాధారణంగా రాదు. చిల్లు ఉన్న చెవిలో వస్తుంది. తేడా అక్కడ తెలిసిపోతుంది. అలాగని వెంప్ ఒక్కటే సరిపోదు. చెవి చుట్టూ ఉండే టెంపోరల్ ఎముకకు పలచటి ముక్కలుగా తీసే హై రిజల్యూషన్ సీటీ స్కాన్ కూడా కావాలి. స్కాన్‌లో ఒక్కోసారి పలచటి ఎముక కూడా చిల్లులాగే కనిపిస్తుంది కాబట్టి రెండూ కలిపి చూడాలి.

టెస్ట్ రోజు మెడకు, ముఖానికి నూనె, క్రీమ్, పౌడర్ రాసుకోకండి. పడుకుని తల కాస్త పైకెత్తి ఉంచమంటారు, లేదా కూర్చుని తల పక్కకు తిప్పమంటారు. కండరం బిగిసి ఉంటేనే స్పందన దొరుకుతుంది కాబట్టి మెడ నొప్పి ఉంటే ముందే చెప్పండి, మధ్యమధ్య విశ్రాంతి ఇస్తారు. కంటి పరీక్షలో పైకి చూస్తూ ఉండాలి. చెవిలో 500 హెర్ట్జ్ దగ్గరి శబ్దం టక్ టక్‌మని గట్టిగా వినిపిస్తుంది. శబ్దం భరించలేకపోతే, చెవిలో హోరు ఉంటే ఆ మాట కూడా చెప్పాలి. గుబిలి, చెవి కారడం ఉంటే ముందు చూపించుకోండి, లేకపోతే రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. 60 దాటినవారిలో స్పందన సహజంగానే తగ్గుతుంది, మీ వయసుకు ఆ ఇబ్బంది తక్కువ.

చిల్లు ఉందని తేలినా కంగారు వద్దు. చాలామందికి గట్టి శబ్దాలకు, ముక్కడానికి దూరంగా ఉంటే సరిపోతుంది. రోజువారీ పనులే చేయలేని స్థితిలో ఆపరేషన్‌తో ఆ గొట్టాన్ని మూస్తారు. తల తిరుగుడు మాత్రలు నెలల తరబడి వాడితే మెదడు కొత్త బ్యాలెన్స్ నేర్చుకోవడం ఆలస్యమవుతుంది. ఎంతకాలం వాడాలో డాక్టర్‌ను తప్పక అడగండి. కాలర్ తీసేయడం గురించి కూడా ఆయనతోనే మాట్లాడండి. శబ్దానికి వచ్చే తల తిరుగుడుకు మెడ అరుగుదల కారణం కాదు.

ఎప్పుడైనా తల తిరగడంతోపాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, కాలో చెయ్యో చచ్చుబడినా, ఒకటి రెండుగా కనిపించినా టెస్టుల కోసం ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒక చెవి వినికిడి ఉన్నట్టుండి పోతే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి.