పొయ్యిలో బూడిద చూడండి

చిరంజీవి బుజ్జికి,

పర్లాకిమిడి నుంచి తాత ఆశీస్సులు. గుమ్మా వైపు సవర ఊళ్లలో కార్బన్ క్రెడిట్ల లెక్కలు సరిచూడటానికి నువ్వూ నీ స్నేహితులూ బయల్దేరుతున్నారని మీ నాన్న చెప్పాడు. ముప్పై ఏళ్లు సహకార సంఘంలో ఖాతాలు రాసినవాణ్ని కదా, నాకు తోచింది రాస్తున్నాను.

ముందు కాగితాలు చదివి, తర్వాత కొండెక్కండి. క్రెడిట్లు జారీ చేసే వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ సంస్థల రిజిస్ట్రీల్లో ప్రాజెక్టు పత్రాలు ఎవరైనా చూడొచ్చు. ఒక క్రెడిట్ అంటే గాలిలో చేరకుండా ఆపిన, లేదా గాలిలోంచి తీసిన ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ లెక్క. కట్టెలు తక్కువ కాల్చే పొయ్యిలు పంచో, చెట్లు పెంచో ఆ లెక్క చూపించి, క్రెడిట్లు అమ్ముకుంటారు. ఎన్ని పొయ్యిలు పంచారు, ఎన్ని వాడుకలో ఉన్నాయని రాశారు, ఎన్ని క్రెడిట్లు జారీ అయ్యాయి, అందులో ఎన్ని రిటైర్ చేశారు (అంటే మళ్లీ అమ్మడానికి లేకుండా, వాడేసినట్టు లెక్కలోంచి కొట్టేశారు), ఇవన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి.

ఊళ్లోకి వెళ్లాక మాత్రం "పొయ్యి వాడుతున్నారా?" అని అడక్కండి. అడిగితే వాడుతున్నామనే అంటారు. ఇంటికొచ్చిన చదువుకున్న పిల్లల్ని ఎవరూ చిన్నబుచ్చరు. సాయంత్రం వంట వేళకి వెళ్లి, బూడిద ఏ పొయ్యిలో ఉందో చూడండి. ఒక ఇంట్లో నా కళ్లారా చూశాను: పథకంలో ఇచ్చిన పొయ్యి చూరు కింద ఉంది, అందులో కోడి పొదుగుతోంది! ఆ ఇల్లాలి తప్పేం లేదు. పదిమందికి వండే గిన్నె దాని మీద నిలవదు. అలాంటి పొయ్యి కూడా టన్నుల్లో చేరితే లెక్క ఎక్కడ నిలుస్తుంది? 2024లో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, తాము చూసిన పొయ్యిల ప్రాజెక్టులకి సగటున 9 రెట్లు ఎక్కువ క్రెడిట్లు ఇచ్చారని తేల్చింది.

నా తప్పు కూడా చెప్పాలి. వెనకటికి ఒక మొక్కల పథకం వస్తే, ఇంగ్లీషు ఒప్పందం మీద ఊరందరి చేతా దగ్గరుండి వేలిముద్రలు వేయించాను. మూడో పేజీ చదవలేదు. చెట్టు కొట్టుకోవాలంటే ఆ పథకం వాళ్ల అనుమతి కావాలని అందులో ఉందట. ఇప్పటికీ ఆ ఊరెళ్తే టీ ఇస్తారు గానీ, ఒక ముసలాయన మాత్రం నాతో మాట్లాడడు.

అందుకే ఒప్పందం ఏదైనా సవరలో చదివి వినిపించే మనిషి మీ జట్టులో ఉండాలి. గిడుగు రామమూర్తి గారు మన ఊళ్లో ఉంటూనే సవర నేర్చుకున్నారు, మీకు పది మాటలైనా రావొద్దూ?

చూసింది ముందు పల్లి సభలో, అంటే ఊరివాళ్లంతా కూర్చునే సభలో చదవండి, ఆ తర్వాతే బయటపెట్టండి. ఫొటో తీసే ముందు అడగండి. ఇల్లాలి పేరు ఎక్కడా రాయకండి, రేపు ఆమెకి వచ్చే సాయం ఆగిపోతుందేమోనని భయపడుతుంది. కొత్త ప్రాజెక్టయితే వెర్రా 30 రోజులు అభిప్రాయాలు తీసుకుంటుంది. ఆ గడువులో నాలుగు వాక్యాలు రాసినా చాలు, తర్వాత ఎంత గోల చేసినా అంత పని జరగదు.

చెట్ల ప్రాజెక్టుకి వెళ్తే అటక మీద నా కొలత టేపు తీసుకెళ్లు. మొదటి పది సెంటీమీటర్లూ చెరిగిపోయాయి. పది దగ్గర పట్టుకుని కొలిచి, ఆ పదీ తీసేసి రాసుకో.

మీ తాత